గడ్డపెరుగు వేరు, గడ్డకట్టిన పెరుగు వేరు

మా రోజుల్లో పొద్దున్నే పెరుగు తినేవాళ్లం. ఇప్పటి పిల్లలూ పొద్దున్నే పెరుగే తింటున్నామంటారు. కాకపోతే వీళ్ల పెరుగు ఫ్రీజర్లోంచి పలకలా బయటికొస్తుంది. దాన్ని ఫట్టుఫట్టున విరిచి, చాక్లెట్ పలుకులూ రంగురంగుల పంచదార పూసలూ అంటుకున్న ముక్కలు నాలుగు తినేసి, బ్రేక్‌ఫాస్ట్ అయిపోయిందంటారు. "ఎంత ఈజీయో చూడు నాయనమ్మా! రాత్రే చేసి పెట్టుకుంటే పొద్దున పనే ఉండదు" అంటుంది మా మనవరాలు, ఈ సంగతి లోకంలో మొదటిసారి తనకే తెలిసినట్టు. రాత్రి పెట్టుకుని పొద్దున తినడం మనకి కొత్తా? పెరుగుతో ఇంతకంటే సులువైన తిండి మా అమ్మలూ అమ్మమ్మలూ రోజూ పెట్టారు. దానికి కరెంటు అక్కర్లేదు, పొద్దున పొయ్యి వెలిగించే పని కూడా లేదు.

రాత్రి భోజనాలయ్యాక గిన్నెలో మిగిలిన అన్నాన్ని మెత్తగా మెదిపి, గోరువెచ్చని పాలు పోసి, కాస్త తోడు కలిపి మూత పెట్టేవారు. తెల్లారేసరికి అన్నమూ పెరుగూ ఒకటైపోయి, గరిటె పెడితే నిలబడేది. అంచున కాస్త పులుపు, లోపల కమ్మదనం. చిటికెడు ఉప్పు వేసి కలిపితే చాలు, టిఫిన్ తయారు. పొలానికెళ్లేవాళ్లు అది తిని వెళ్తే మధ్యాహ్నం దాకా ఆకలి అనేవారు కాదు. కొన్ని ఇళ్లలో తరవాణి కుండ ఉండేది. రాయలసీమలో అంబలిలో మజ్జిగ పోసుకునేవారు, తెలంగాణలో సద్ది కట్టుకుని చేనికి పోయేవారు. ఊరూరికీ తిండి మారేది గానీ రాత్రి పులియబెట్టి పొద్దున తినే పద్ధతి మాత్రం అంతటా ఉండేది.

అసలు ఆ పెరుగు ఎలా వచ్చేదో చెప్పకపోతే నా బాధ మీకు అర్థం కాదు. మాది తెనాలి పక్క పల్లె. దొడ్లో గేదె ఉండేది. పొద్దున పితికిన పాలు పాలదాకలో పోసి పిడకల దాలి మీద పెడితే సాయంత్రం దాకా పొంగకుండా, మాడకుండా, సన్నగా కాగుతూ ఉండేవి. గేదె పాలలో వెన్న ఆరేడు శాతం ఉంటుంది, ఆవు పాలలో నాలుగు దాటితే గొప్ప. ఆ పాలు అంతసేపు కాగి లేత ఎరుపు తిరిగి, పైన మీగడ దుప్పటిలా కట్టేది. పొద్దుగూకాక దాక దింపి, మా అమ్మ చిటికెన వేలు ముంచి చూసేది. వేలు చురుక్కుమంటే ఇంకాసేపు ఆగాలి. వేలికి వేడి తెలిసీ తెలియకుండా ఉంటే అప్పుడు తోడు. ఎండాకాలం బొట్టు చాలు, చలికాలం చెంచాడు పడాలి. డిసెంబరులో అయితే గిన్నెని గోనెపట్టాలో చుట్టి బియ్యం డబ్బాలో దాచేది. తోడు పెట్టాక గిన్నె కదిపితే చేతిమీద ఒక్కటిచ్చేది. కదిపితే పెరుగు నీళ్లు విడుస్తుంది మరి.

పెరుగు తోడుకోవడానికి కారణమైన సూక్ష్మజీవుల్లో ఒకదాన్ని 1905లో జెనీవాలో చదువుకుంటున్న స్టామెన్ గ్రిగరోవ్ అనే బల్గేరియా కుర్రాడు మైక్రోస్కోపు కింద పట్టుకున్నాడు. మా అమ్మకి ఆ పేరు తెలియదు. దానికి ఎంత వెచ్చదనం కావాలో, ఎంతసేపు కదపకుండా ఉంచాలో, మర్నాటికి ఎంత మిగిల్చి పెట్టాలో మాత్రం తెలుసు. ఏ ఇంట్లోనైనా తోడు లేకపోతే పక్కింటికి చిన్న గిన్నె పంపేవారు. "వదినా, కాస్త తోడుంటే పెట్టవూ" అని అడగడం ఎవరికీ నామోషీ కాదు. వీధిలో అన్ని ఇళ్ల పెరుగూ అలా ఒకదానికొకటి చుట్టాలే.

ఇక టాపింగ్స్ అంటారా! మాకు లేవనుకుంటున్నారా? పోతన భాగవతం దశమ స్కంధంలో గోపబాలురు యమున ఒడ్డున చల్దులు తినే ఘట్టం ఎవరైనా ఒక్కసారి చదవండి. కృష్ణుడి ఎడమ చేతిలో మీగడపెరుగు కలిపిన చల్దిముద్ద, వేళ్ల సందుల్లో ఊరగాయలు. పెరుగు మీద ఏం వేసుకోవాలో అయిదువందల ఏళ్లకి పైగా క్రితమే అంత కళ్లకు కట్టినట్టు రాశాడాయన. మా ఇంట్లో మాగాయ టెంక చీకుతూ ముద్ద ముద్దకీ మధ్య కొరికేవాళ్లం. ఉల్లిపాయ చేత్తో చితక్కొట్టి పెట్టేవారు, కత్తితో కోస్తే ఆ రుచి రాదు. చల్లమిరపకాయలు నూనెలో నల్లగా వేయించితే వాటి ఉప్పదనం పెరుగులో దిగేది. వేసవిలో అయితే రసాలు. పెరుగన్నంలో మామిడిపండు పిండుకుని తిన్నవాడికి పండు కలిపిన యోగర్ట్ గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. వేసవి దాటితే చక్రకేళి, ఏమీ లేని రోజున బెల్లం ముక్క.

ఇప్పటి పిల్లల గిన్నెల్లో ఏమున్నాయో చూడండి. విదేశాల నుంచి వచ్చిన ఎండు పళ్లు, చియా గింజలు, బిస్కట్ పొడి, చాక్లెట్ సాస్. మన సబ్జా గింజలు నానబెడితే చియాకంటే ముందే ఉబ్బుతాయి, కిరాణా కొట్లో తక్కువకే దొరుకుతాయి. అనంతపురం దానిమ్మ ఉంది, బాలానగర్ సీతాఫలం ఉంది, ఇంటి వెనక జామచెట్టు ఉంది. వాటి కాలం వచ్చి వెళ్లిపోతున్నా పిల్లలకి పట్టడం లేదు, ఎందుకంటే పొట్లాంలో వచ్చేదానికి కాలం లేదు.

ఈ గడ్డకట్టిన పెరుగు పుట్టింది అమెరికాలో, 1970లలో. అక్కడివాళ్లకి పెరుగు పులుపు నచ్చలేదు. పంచదార బాగా దట్టించి ఐస్‌క్రీమ్‌లా చేశాక గానీ జనం కొనలేదు. 1981లో అర్కాన్సా రాష్ట్రం లిటిల్ రాక్ ఊళ్లో టీసీబీవై దుకాణం మొదలయ్యాక అది దేశమంతా పాకింది. 2005లో లాస్ ఏంజిలిస్ పక్కన పింక్‌బెర్రీ వాళ్లు పులుపు పులుపుగానే ఉంచి పైన పళ్లముక్కలు వేసి అమ్మితే జనం వరసలు కట్టారట. వాళ్లకి పెరుగు పులుపు రుచి తెలియడానికి ముప్పై ఏళ్లు పట్టింది. వాళ్లని తప్పుపట్టను, వాళ్ల తిండిలో అది లేదు. పుడుతూనే ఆ పులుపు నోట్లో ఉన్న మన పిల్లలు దాన్ని వదిలేసి, తీపి వెంట పడుతుంటే కడుపు తరుక్కుపోతుంది.

డల్లాస్‌లో మా అమ్మాయి అలాంటి దుకాణానికి తీసుకెళ్లింది. గోడకి వరసగా మీటలు. మీట నొక్కితే మెత్తటి పెరుగు మెలికలు తిరుగుతూ కప్పులో పడుతుంది. తర్వాత బల్లమీద గిన్నెల్లో ఉన్నవన్నీ ఎవరికి కావలసినంత వాళ్లు వేసుకోవాలి. చివర కప్పుని త్రాసు మీద పెట్టి తూకానికి డబ్బు తీసుకుంటారు. ముందున్న కుర్రాడి కప్పులో జిగురు మిఠాయిలూ బిస్కట్ ముక్కలూ తప్ప పెరుగు జాడే లేదు. తూకమంతా వాటిదే. నేను ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుని చూశాను, పెరుగన్న సంగతి నాలుకకి తెలియలేదు.

అదే ఊళ్లో మా అమ్మాయి వంటింట్లో మాత్రం నా మనసు నిండింది. చలికాలం రాత్రి పాలు కాచి, తోడు వేసి, ఓవెన్‌లో లైటు మాత్రం వెలిగించి, గిన్నె లోపల పెట్టి తలుపు మూసింది. ఆ బల్బు వేడికే తెల్లారేసరికి గట్టి పెరుగు. మొదట్లో తోడు దొరక్కపోతే ఎండుమిరపకాయల తొడిమలు గోరువెచ్చని పాలలో వేసి తోడు పుట్టించిందట. తర్వాత అక్కడి తెలుగువాళ్లు అయిదారు ఇళ్లకి ఆ తోడే వెళ్లింది. మరి ఇక్కడ, గేదెలున్న నేలమీద, మా వీధిలో ఎన్ని ఇళ్లలో రాత్రి తోడు పడుతోంది? అపార్ట్‌మెంట్‌లో పక్కింటి తలుపు తట్టి తోడు అడిగితే "మేం ప్యాకెట్టే ఆంటీ" అంటారు. నా కోపం ఫ్రీజర్ మీద కాదు. తోడు పెట్టడం మానేసిన ఇంట్లో పెరుగు కప్పులు కొని, వాటిలో ఉన్న పంచదార చాలక ఇంకా పైన తీపి పోసి, గడ్డకట్టించి, అదే ఆరోగ్యమని పిల్లలకి నేర్పుతున్నారే, దాని మీద.

ఆ తీపికి కారణం ఉంది. బాగా చల్లటిది తగిలితే నాలుకకి తీపి సరిగా తెలియదు. వేడి పాలలో చాలిన పంచదార ఐస్‌లో చాలదు. అందుకని గడ్డకట్టించే ఏ పదార్థంలోనైనా తీపి ఎక్కువ పడుతుంది. కరిగాక తిని చూడండి, వెగటు పుడుతుంది. చలికి పెరుగులో ఉన్న మంచి సూక్ష్మజీవులు చచ్చిపోతాయని నేననను. చాలామటుకు నిద్రపోతాయంతే, వెచ్చబడితే లేస్తాయి. కానీ రాత్రంతా ఖాళీగా ఉన్న కడుపులో, స్కూలు బస్సుకి పరిగెత్తే పిల్లాడి నోట్లో, పొద్దున ఏడింటికి ఐసుముక్క పెట్టడం నాకు ససేమిరా నచ్చదు.

చేసుకుంటే చేసుకోండి, వద్దనను. సరిగ్గా చేసుకోండి. మా మనవరాలి చేత నేనెలా చేయించానో చెబుతాను. ఇంట్లో తోడు పెట్టిన పెరుగు అర లీటరు, పులిసిపోనిది, పలుచటి గుడ్డలో మూటగట్టి ఫ్రిజ్‌లో వేలాడదీయాలి. కింద గిన్నె పెట్టాలి. తెల్లారేసరికి నీళ్లన్నీ దిగి మెత్తటి ముద్ద మిగులుతుంది. ఆ నీళ్లు దింపకపోతే గడ్డకట్టినప్పుడు పంటికింద ఇసకలా కరకరలాడుతుంది, ఆ కరకర పెరుగుది కాదు, నీళ్లది. ముద్దలో బాగా మగ్గిన అరటిపండో, మామిడిపండు గుజ్జో కలిపితే వేరే తీపి అక్కర్లేదు. చాలకపోతే చెంచాడు తేనె. పళ్లెంలో బటర్ పేపరు పరిచి పావు అంగుళం మందాన పులమాలి. మందంగా పులిమితే రాయిలా అవుతుంది, పిల్లల పళ్లు ఊడతాయి. దుకాణంలోది మెత్తగా ఉందంటే గడ్డకట్టేటప్పుడు తిప్పుతూ గాలి చేర్చడం వల్ల, మన పళ్లెంలో గాలి చేరదు. పైన దానిమ్మ గింజలు, వేయించి పొట్టు తీసిన వేరుశనగ పలుకులు, పచ్చికొబ్బరి తురుము, కాసిన్ని నువ్వులు. నాలుగు గంటలు ఫ్రీజర్లో ఉంచి, తీశాక అయిదు నిమిషాలు ఆగి విరవాలి. ఆ అయిదు నిమిషాలు ఆగితేనే పెరుగు రుచి నాలుకకి అందుతుంది.

సాయంత్రం నాలుగింటికి, ఎండలో ఆడి వచ్చిన పిల్లలకి అది పెట్టండి. పొద్దున మాత్రం రాత్రి తోడేసిన అన్నం, పక్కన మాగాయ. మూటలోంచి కారిన తేటని సింకులో పారబోస్తే నేను ఊరుకోను. అందులోనే చపాతీ పిండి కలపండి, రొట్టె రెండు పూటలైనా మెత్తగా ఉంటుంది. చెంచాడు పెరుగు ముందే పక్కకి తీసి పెట్టుకోండి, రాత్రికి తోడు కావాలి.