ఇచ్చట ముఖాలు చెరపబడును

హైదరాబాదులో రోడ్డు పక్కన స్టాండు వేసి కెమెరా బిగించిన మనిషిని జనం మూడు రకాలుగా అనుమానిస్తారు. హెల్మెట్ లేనివాళ్లు చలాన్లు వేసేవాడనుకుంటారు. దుకాణాలవాళ్లు రోడ్డు వెడల్పు చేయడానికి కొలతలకొచ్చాడనుకుంటారు. ఏ పనీ లేనివాళ్లు టీవీవాడనుకుని జుట్టు సవరించుకుంటారు. బీటెక్ ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు చేసుకుంటున్న పిల్ల అయివుంటుందని మాత్రం ఒక్కరికీ తట్టదు.

ఆ పిల్ల మా మేనకోడలు. దిల్‌సుఖ్‌నగర్ దగ్గర మా చౌరస్తాలో ఏ వేళకి ఏ బండ్లు ఎన్ని వస్తున్నాయో వీడియో తీసి, కంప్యూటరు చేత లెక్కపెట్టించి, సిగ్నల్ ఎంతసేపు ఉండాలో తేల్చడం దాని ప్రాజెక్టు. స్టాండు మోయడం మామయ్య వంతు.

లెక్క దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. ఇలాంటి పనికి పిల్లలు ఉచితంగా దించుకునే సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా కోకో అనే బొమ్మల సంపుటి చూసి నేర్చుకున్నవి. అందులో 80 రకాలున్నాయి. జీబ్రా ఉంది, జిరాఫీ ఉంది, రొట్టె కాల్చే టోస్టరుంది, జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుంది. ఆటో లేదు! మా చౌరస్తాలో జిరాఫీ రోడ్డు దాటితే కంప్యూటరు ఠక్కున పట్టేస్తుంది గానీ, ఆటో వస్తే ఓసారి కారంటుంది, ఓసారి లారీ అంటుంది. చివరికి గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీవాళ్లు మన హైదరాబాదు, బెంగళూరు రోడ్ల మీద తీసి పెట్టిన పదివేల చిత్రాలు తెచ్చి నేర్పిస్తే దారికొచ్చింది. వాటిలో ఆటోకి సొంత పేరుంది.

రెండో చిక్కు వాళ్ల గైడు సారు చేతిలో కాగితంగా వచ్చింది. జనాన్ని వీడియో తీస్తున్నావు గనక ఈ ఫారం నింపమన్నారు. నాలుగు గడులు. ఎందుకు తీస్తున్నారు? ఎవరెవరు చూస్తారు? ఎక్కడ దాస్తారు? ఎప్పుడు చెరిపేస్తారు? పైగా ముఖాలూ నంబరు ప్లేట్లూ మసక చేయకుండా ఒక్క బొమ్మ కూడా రిపోర్టులోకి ఎక్కకూడదన్నారు.

సారు చాదస్తం కాదది. పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్కమాటగా గోప్యత ప్రాథమిక హక్కని తేల్చారు. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2025 నవంబరులో దాని నియమాలూ వచ్చాయి. సమాచారాన్ని భద్రంగా దాచకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. ఆ అంకె విని మా అక్క, ‘‘చిట్టీ పాడినా చాలదు కదే!’’ అని గుండెలు బాదుకుంది. పరిశోధనకీ గణాంకాలకీ ఆ చట్టంలో మినహాయింపుందనీ, ఏ ఒక్క మనిషి మీదా నిర్ణయం తీసుకోకుండా, చెప్పిన ప్రమాణాలు పాటిస్తే చాలనీ నచ్చజెప్పేసరికి కాఫీలు చల్లారిపోయాయి.

మా అపార్టుమెంటు డాబా మీంచి చౌరస్తా మొత్తం కనిపిస్తుంది. అక్కడ కెమెరా పెట్టుకుంటామని సెక్రటరీగారిని అడిగాం. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, ‘‘మరి మనవాళ్ల ప్రైవసీ ఏం కావాలండీ?’’ అన్నారు. గేటు దగ్గర, లిఫ్టులో, మెట్ల మీద ఉన్న సీసీ కెమెరాల బొమ్మంతా ఆయన హాల్లో టీవీకే వస్తుంది. సీరియల్‌కీ సీరియల్‌కీ మధ్య వాళ్లావిడ లిఫ్టు చూస్తుంది. ఎవరింటికి రాత్రి పదకొండింటికి బిర్యానీ వచ్చిందో ఆ ఇంట్లో చెయ్యి కడిగేలోగా ఆవిడకి తెలుసు. చెత్తసంచి మెట్ల దగ్గర వదిలిన మనిషి చుట్టూ ఎర్ర సున్నా చుట్టి వాట్సాప్ గ్రూపులో పెట్టేది కూడా సెక్రటరీగారే. ఆయన మాత్రం మా ప్రైవసీని కాపాడి, డాబా తాళం ఇవ్వలేదు.

అందుకని రోడ్డు మీదకే దిగాం. స్టాండు నిలబెట్టిన మరుక్షణం మా చౌరస్తా మారిపోయింది. మోచేతులకి వేలాడుతున్న హెల్మెట్లు తలలకెక్కాయి. రాంగ్ రూటులో వస్తున్న స్కూటీ మమ్మల్ని చూసి, దేవుడు గుర్తొచ్చినట్టు పక్కనున్న గుడి ముందు ఆగిపోయింది. బండి వెనక కూర్చున్న ఒకావిడ చున్నీ కొస తీసి నంబరు ప్లేటు మీదకి జార్చింది. మరో కుర్రాడు చెయ్యి వెనక్కి పెట్టి ప్లేటు కప్పి, ముఖం మాత్రం మావైపు తిప్పి చక్కగా నవ్వాడు. చట్టం ముఖాన్నీ ప్లేటునీ ఒకే గాటన కట్టింది గానీ, మావాళ్లకి చలాను వచ్చేది ప్లేటుకే గనక దాచుకోవాల్సిందీ అదే.

పక్కనే జామకాయల తోపుడుబండి. అతను చాలాసేపు చూసి, ‘‘ఏం లెక్క బిడ్డా ఇది?’’ అన్నాడు. మా పిల్లకి చెప్పడమంటే సరదా. రకరకాల బండ్లని ఒక్క తూకానికి తేవడానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో ఇచ్చిన పట్టిక ఉందనీ, కారుకి 1 వేస్తే, మోటారు సైకిలుకి 0.5 నుంచి 0.75, ఆటోకి 1.2 నుంచి 2, తోపుడుబండికి 2 నుంచి 3 వేస్తారనీ వివరించింది.

‘‘అంటే నా బండి మూడు కార్లతోని సమానమా!’’

‘‘అడ్డం పడటంలో అంకుల్,’’ అంది.

ఆ రెండో ముక్క అతని చెవికెక్కలేదు. అప్పటికే అవతలి అరటిపళ్ల బండివాడికి కేకేసి చెబుతున్నాడు.

ఆ రాత్రి ముఖాలు చెరిపే సాఫ్ట్‌వేరు నడిపించాం. చౌరస్తాలో ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ ఉంది. నడిమధ్య ఆయన, పైన పెద్దలు, కింద రెండు వరసల్లో పాస్‌పోర్టు సైజులో శుభాకాంక్షలు తెలిపే తమ్ముళ్లు. సాఫ్ట్‌వేరు ముందుగా దాని మీద పడి అందరినీ శుభ్రంగా తుడిచేసింది. నలుగురికీ కనపడాలని డబ్బులు కట్టిన ముఖాలన్నిటికీ గోప్యత దక్కింది. కళ్లు తప్ప కనపడకుండా చున్నీ చుట్టుకున్న అమ్మాయిల్ని మాత్రం ముఖాలే కావని వదిలేసింది. 2016లో గూగుల్ స్ట్రీట్ వ్యూ కేంబ్రిడ్జిలో ఒక ఆవు ముఖం మసక చేసి నవ్వులపాలైంది. మాకా బెడద రాలేదు, మా ఆవులు కెమెరాకి వీపు పెట్టి డివైడరు పక్కన పడుకున్నాయి.

ప్లేట్ల వంతు వచ్చింది. ఏపీ, 2014లో వచ్చిన టీఎస్, 2024లో వచ్చిన టీజీ, అన్నీ మసకలో కలిసిపోయాయి. తీరా చూస్తే ఒక కారు వెనకద్దం మీద పిల్లలిద్దరి పేర్లు, ఇంటిదేవుడు, అభిమాన హీరో, చేసే ఉద్యోగం వరసగా రాసున్నాయి. ఇక మసక చేసి దాచిందేమిటని మా పిల్ల తల పట్టుకుంది. కారు అద్దాలు చెరపడానికి ఇంకో ప్రోగ్రాం రాసింది.

జామకాయలాయనకి ఆ వీడియో చూపించాం. తన ముఖం మీద మబ్బు చూసి చిన్నబుచ్చుకున్నాడు. ‘‘టీవీల దొంగలకి ఏస్తరు గిట్ల. నేనేం జేసిన బిడ్డా?’’

దానికి నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే అతని బండి నిలబడే చోట తలెత్తితే స్తంభానికి కెమెరాలున్నాయి. ఎదురుగా బట్టల షాపుకుంది, బ్యాంకుకుంది. జనం గుమిగూడే చోట్ల కెమెరాలు పెట్టాలనీ, రికార్డు 30 రోజులు దాచాలనీ ఉమ్మడి రాష్ట్రంలో 2013లోనే చట్టం చేశారు. ఊళ్లో కెమెరాలు చూడటానికి బంజారాహిల్స్‌లో 2022 నుంచి అద్దాలమేడ లాంటి కమాండ్ కంట్రోల్ సెంటరుంది. వీటిలో ఒక్కటీ అతన్ని ‘తీయమంటావా’ అని అడగలేదు, అతనూ పట్టించుకోలేదు. అడిగింది మా పిల్ల ఒక్కతే. అందుకే అందరి అనుమానమూ దాని మీదే. మన దగ్గర అడిగినవాడే దొంగలా కనిపిస్తాడు, అడక్కుండా తీసేవాడు అధికారిలా కనిపిస్తాడు.

ప్రాజెక్టుకి మంచి మార్కులొచ్చాయని తెలిసి సెక్రటరీగారు స్వీటు డబ్బాతో వచ్చారు. డబ్బా బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించి, ‘‘అమ్మా, ముఖం ఎక్కడుందో పట్టుకోగలిగితేనే కదా నీ ప్రోగ్రాం చెరిపేది? ఆ చెరిపే ముక్క తీసేసి మన లిఫ్టు కెమెరాకి పెట్టకూడదూ? చెత్తసంచీలవాళ్లు దొరికిపోతారు’’ అన్నారు.

మనిషి తెలివైనవాడే. చెరిపేదీ పట్టిచ్చేదీ మొదట చేసే పని ఒకటే.

‘‘పెట్టొచ్చు అంకుల్. ముందు ఇది నింపివ్వండి,’’ అని మా పిల్ల గైడు సారు ఫారం తెచ్చిచ్చింది.

మొదటి గడి చకచకా రాసేశారు. ‘ఎవరెవరు చూస్తారు?’ దగ్గర కలం ఆగింది. ఇంట్లో ఒకసారి అడిగి చెబుతానని ఫారం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లారు.