పక్కా లీగల్

"చట్టం ఒప్పుకోవాలి, చూడ్డానికి బాగుండాలి, లోపల చల్లగా ఉండాలి. ఈ మూడూ కుదిరితేనే ఫిల్మ్ వేయించుకుంటా. లేదంటే ఎండకు మాడిపోతాం గానీ తప్పు మాత్రం చెయ్యం," అంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నాడాయన. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు. అందులో సుప్రీంకోర్టు తీర్పు ప్రింటవుటు, ముఖ్యమైన చోట్ల పసుపు గీతలతో సహా.

విజయవాడ ఆటోనగర్, మే నెల మధ్యాహ్నం. వైపర్ బ్లేడ్లు మార్పించుకుందామని వచ్చిన నేను, పని అయిపోయినా ఫ్యాను కింద దొరికిన చోటు వదలబుద్ధి కాక అక్కడే కూర్చున్నాను. బయట ఆయన కొత్త కారు, తెల్లది. వెంట కొడుకు. మెడలో ఇంటర్ కాలేజీ ఐడీ కార్డు. మే నెలలోనూ సెలవులివ్వని కాలేజీలు మన ఊళ్ళో తక్కువేం కాదు.

"డాడీ, ఫుల్ బ్లాక్ వేయిద్దాం," అన్నాడు పిల్లాడు. "బయటనుంచి చూస్తే లోపల ఎవరున్నారో తెలియకూడదు."

"నోర్ముయ్. ఇరవై ఏళ్ళ నుంచి బండి నడుపుతున్నా. నా పేరు మీద ఒక్క చలానా లేదు."

షాపతను నవ్వి, "జెడ్, జెడ్ ప్లస్ సెక్యూరిటీ ఏమన్నా ఉందా సార్ మీకు?" అన్నాడు. ఆయన తెల్లబోయాడు. "ఉంటే కమిటీ ముందు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2012 తీర్పులో వాళ్ళొక్కళ్ళకే ఆ వెసులుబాటు."

అసలు చర్చ అక్కడ మొదలైంది. తీర్పులు చదివి ఫిల్మ్ అమ్మే దుకాణదారుణ్ణి నేను అంతకుముందు చూళ్ళేదు.

ఆయన ఫోల్డరు తెరిచాడు. 2012 ఏప్రిల్ 27న అవిషేక్ గోయెంకా కేసులో సుప్రీంకోర్టు ఏమంది? అద్దం ఫ్యాక్టరీలో ఎలా తయారైతే అలాగే ఉండాలి, దాని మీద ఏ ఫిల్మూ అంటించకూడదు. ఆ ఏడాది మే 4 నుంచి అమలు. "మరి నువ్వు అంటిస్తానంటున్నావు?" అని నిలదీశాడు.

"ఆ తర్వాత రూల్ మారింది సార్. మోటారు వాహనాల రూల్స్‌లో వందో నంబరు. 2021 ఏప్రిల్ 1 నుంచి సేఫ్టీ గ్లేజింగ్ అనే మాట చేర్చారు. అద్దానికి లోపలివైపు ప్లాస్టిక్ ఫిల్మ్ ఉన్నది కూడా అందులోకి వస్తుంది, ఐఎస్ 2553 ప్రమాణానికి లోబడి ఉంటే. కేరళ హైకోర్టు కూడా 2024లో ఇదే చెప్పింది. కాకపోతే రోడ్డు మీద ఆపే కానిస్టేబులు గారికి 2012 గుర్తున్నంతగా 2021 గుర్తుండకపోవచ్చు. బిల్లు మీద ఫిల్మ్ పేరు, శాతం, ఐఎస్ నంబరు రాసిస్తా, బండిలో పెట్టుకోండి."

ఆయన పెన్ను తీసి తీర్పు పక్కనే రాసుకున్నాడు. నాకు ముచ్చటేసింది. ఫిల్మ్ వేయించుకునేవాళ్ళలో నూటికి తొంభై మంది అడిగేది ఒకటే: "పోలీసులు పట్టుకుంటారా?" ఈయన మాత్రం "తప్పా, ఒప్పా?" అని అడుగుతున్నాడు.

"ముందు అద్దానికీ వెనక అద్దానికీ నూటికి 70 వంతుల వెలుగు లోపలికి రావాలి, పక్క అద్దాలకి 50. కాబట్టి పక్కలకి 50 శాతం ఫిల్మ్ వెయ్యి," అన్నాడాయన.

"అక్కడే అందరూ పప్పులో కాలేసేది సార్. మీ కంపెనీ అద్దమే వెలుగులో నాలుగో వంతు ఆపేస్తుంది. దాటొచ్చేది 75. దాని మీద 50 శాతం ఫిల్మ్ వేస్తే అందులో సగం, అంటే 37. ఫిల్మ్ డబ్బా మీద లీగల్ అని ఉంటుంది, బండి మీద ఇల్లీగల్ అయిపోతుంది. 70 శాతం ఫిల్మ్ వేస్తే 52 దాకా వస్తుంది. ముందు అద్దం జోలికి మాత్రం పోవద్దు. అక్కడ మనకి మిగిలేదే నాలుగైదు శాతం. పైగా అది రెండు అద్దాల మధ్య పొర పెట్టి అతికించింది, అతినీలలోహిత కిరణాల్ని చాలావరకు అదే ఆపుతుంది."

"70 వేస్తే ఇంకేం చల్లబడుద్ది?" అన్నాడు పిల్లాడు నిరాశగా.

షాపతను మాట్లాడకుండా ఎర్ర బల్బు వెలిగించి, రెండు అద్దం ముక్కలు తెచ్చాడు. ఒకటి కారునలుపు, చవకది. రెండోది దాదాపు తెల్లగా ఉంది, సెరామిక్ ఫిల్మ్. పిల్లాడి అరచెయ్యి నల్లదాని వెనక పెట్టించాడు. కాసేపటికే చురుక్కుమని లాగేసుకున్నాడు. తెల్లదాని వెనక హాయిగా పెట్టుకుని నిలబడ్డాడు.

"ఎండ వేడిలో సుమారు సగం కంటికి కనపడని కిరణాలదే బాబూ. ఈ సెరామిక్ వాటిని ఆపి, వెలుగుని వదిలేస్తుంది. నల్ల రంగు ఫిల్మ్ వేడిని తనే తాగి, కాలిపోయి, మళ్ళీ మన మీదే కక్కుతుంది. రెండేళ్ళకి వంకాయ రంగులోకి తిరిగి, బుడగలు లేస్తుంది. మెటల్ ఫిల్మ్ ఇంకో తలనొప్పి, ముందు అద్దానికేస్తే టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్ చదవకపోవచ్చు."

రంగు దగ్గర పెద్దగా వాదన జరగలేదు. కంపెనీ అద్దంలోనే కాస్త పచ్చదనం ఉంటుంది కాబట్టి ఆకుపచ్చ వద్దన్నాడు, నీలం పాత ట్రావెల్స్ బండిలా కనిపిస్తుందన్నాడు. తెల్లకారుకి లేత బూడిదే అందం. తండ్రి సరేనన్నాడు.

కొడుకు చివరి ప్రయత్నం చేశాడు. "వెనక సీటు పక్కన అన్నా బ్లాక్ వేయించు డాడీ. డ్రైవర్ వైపు కూడా వేస్తే..."

"ఒరేయ్, 2022లో జూబ్లీహిల్స్‌లో సినిమా హీరోల కార్లే ఆపి, ఫిల్మ్ పీకి, 700 చలానా రాశారు. మనమెంత? రూల్ అంటే రూల్." మాకేసి తిరిగి గర్వంగా, "వచ్చే నెలకి పదిహేడు నిండుతాయి. ఇప్పటినుంచే నేర్పకపోతే ఎప్పుడు నేర్చుకుంటాడు చెప్పండి," అన్నాడు.

నేను మనస్ఫూర్తిగా తలూపాను.

సబ్బునీళ్ళు చల్లి, రబ్బరు పట్టీతో నీళ్ళు లాగి, అంచులు బ్లేడుతో కోసి, పని ముగిసేసరికి ఎండ వాలింది. వెనక అద్దాన్ని అలాగే వదిలేశారు. ఆయన టింట్ మీటరు తెప్పించి ఒక్కో పక్క అద్దానికీ పెట్టించి చూశాడు. 52, 53, 52, 52. బిల్లుతో పాటు ఆ నాలుగు అంకెలూ రాయించుకుని, సంతకం పెట్టించుకుని, ఫోల్డరులో దాచాడు. బయట నిలబడితే లోపలి సీట్ల కుట్లు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి. "చూశారా, పక్కా లీగల్," అన్నాడు నాతో.

"మూడు నాలుగు రోజులు అద్దాలు దించకండి సార్, ఫిల్మ్ ఆరాలి," అని గుర్తు చేశాడు షాపతను.

ఆయన తాళం తీసి, కారు చుట్టూ తిరిగి, ఎడమవైపు ముందు తలుపు తెరుచుకుని కూర్చున్నాడు. తాళం కొడుకు చేతికిచ్చాడు.

"పోనీ చిన్నా. బెంజి సర్కిల్ దగ్గర కెమెరాలుంటాయి, సీటు బెల్టు పెట్టుకో."

కారు సాఫీగా రోడ్డెక్కింది. స్టీరింగు వెనక ఐడీ కార్డు సహా పిల్లాడు వీధి చివరిదాకా మాకు కనిపిస్తూనే ఉన్నాడు. షాపతను రబ్బరు పట్టీ తుడుచుకుంటూ, "ఆ బాబు ఇంతసేపూ బ్లాక్ ఎందుకడిగాడో నాకిప్పుడర్థమైంది సార్. ఇద్దరిలో చట్టం తెలిసినవాడు వాడే," అన్నాడు.

ఫోల్డరులో లేని కాగితం ఒకటుంది. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 199ఎ సెక్షన్. మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికి మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. పిల్లాడికి 25 ఏళ్ళు నిండేదాకా లైసెన్సు ఇవ్వరు.