460 సీసీ అల్లుడు

సంక్రాంతికి బెంగళూరు నుంచి అనంతపురం వైపు వచ్చే కార్ల డిక్కీల్లో ఒకప్పుడు కొత్త బట్టలు, మిఠాయి డబ్బాలు ఉండేవి. ఈ మధ్య వాటి పక్కన పొడుగాటి సంచి ఒకటి చేరింది. అందులో గోల్ఫ్ కర్రలు. వెనక సీట్లో, చంటిపిల్ల కంటే భద్రంగా, కొత్త ల్యాప్‌టాప్. ఈ రెండూ మోసుకొచ్చే అల్లుడు 44వ నంబరు హైవే పొడుగునా ఊరికొకడు ఉంటాడు కాబట్టి పేరు అక్కర్లేదు.

అల్లుడికి గోల్ఫ్ వచ్చి ఏడాదిన్నర. అంటే సామాను వచ్చి. ఆట ఇంకా దారిలో ఉంది. ఒక ఆటగాడు 14 కర్రలకు మించి వాడకూడదని 1938లో అమెరికావాళ్లు హద్దు పెట్టబట్టి సరిపోయింది గానీ, లేకుంటే ఆ డిక్కీ మూత పడేది కాదు. అన్నిట్లోకీ ముద్దుల కర్ర డ్రైవర్. బుర్ర పెద్దది, ధర అర లక్ష పైమాటే. పాతదానికంటే బంతి పది గజాలు ఎక్కువ పోతుందని అమ్మినవాళ్లు చెప్పారు. నిరుడూ అదే చెప్పారు. అంతకుముందేడూ అదే.

ఆ బుర్ర 460 ఘన సెంటీమీటర్లు దాటకూడదని 2004 నుంచి నిబంధన ఉంది. దాని ముఖం ఎంత స్ప్రింగులా పనిచేయవచ్చో దానికీ హద్దుంది. బంతికీ పరీక్షలున్నాయి. ఇన్ని కట్టుబాట్ల మధ్య కూడా ఏటా పది గజాలు పెరిగే మాట నిజమైతే, ఇరవై ఏళ్లకు రెండు వందల గజాలు అదనంగా కూడాలి. అనంతపురం క్లాక్ టవర్ దగ్గర కొట్టిన బంతి సప్తగిరి సర్కిల్ వైపు పోయి ఏ ఇడ్లీ బండి మీదో పడాలి. పడిందా? బ్రిటన్‌లో ఔత్సాహిక మగ ఆటగాళ్లు డ్రైవర్‌తో కొట్టే దూరాన్ని ఆ ఆట పెద్దలే ఏళ్ల తరబడి కొలిచారు. 1996లో సగటు 200 గజాలు. 2019 నాటికి దాదాపు 216. ఇరవై మూడేళ్లకు పదహారు గజాలు. ప్రకటనల లెక్కలో అది ఏడాదిన్నర పని.

గడ్డి లేక ఆట సాగడం లేదని అల్లుడి ఇంకో ఫిర్యాదు. నిజమే, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన గగనమైన చోట పచ్చిక ఎక్కడిది? నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్య మేఘాలు ఇక్కడిదాకా వచ్చేసరికి వట్టిపోతాయి. కానీ ఆస్ట్రేలియా ఎడారిలో కూబర్ పీడీ అని ఓపల్ రాళ్ల గనుల ఊరొకటి ఉంది. అక్కడి గోల్ఫ్ మైదానంలో గడ్డిపోచ మొలవదు. ఆటగాడు చాపముక్కంత ప్లాస్టిక్ పచ్చిక వెంట తెచ్చుకుని, దానిమీద బంతి పెట్టి కొట్టి, ముక్క చంకన పెట్టుకుని ముందుకు నడుస్తాడు. పగలు ఎండ భరించలేకపోతే రాత్రి వెలిగే బంతులతో ఆడతారు. గోల్ఫ్‌కు కాశీలాంటి సెయింట్ ఆండ్రూస్‌తో ఈ మట్టి క్లబ్బుకు ఒకరి దగ్గర ఒకరు ఆడుకునే ఒప్పందం కూడా ఉంది. వాళ్లకు ఆట వచ్చు మరి.

కనుమ నాడు పొద్దున్నే అల్లుడు మామ చేనులో దిగాడు. వేరుశనగ బుడ్డలు పీకేసి రెండు నెలలైంది, ఎర్రమట్టి గట్టిపడి ఉంది. డ్రైవర్‌తో మొదటి దెబ్బకు బంతి కదల్లేదు. రెండో దెబ్బకు గాలివాటున పోయి కంపచెట్లలో పడింది. తర్వాత ఇనుప బుర్ర కర్ర తీశాడు. అది బంతికి జానెడు వెనక నేలను తాకి పెళ్లలు పెళ్లలుగా మట్టి లేపింది. గట్టు మీద పళ్లపుల్ల నములుతున్న మామ కాసేపు చూసి, "ఏమల్లుడూ, ఇన్ని గుంతలు తవ్వినావు, ఇత్తనం ఏమేస్తావు?" అన్నాడు.

అల్లుడి తప్పేమీ లేదనుకోండి. కొత్త పనిముట్టు దించితే పని అయిపోయినట్టేనన్న జబ్బు పెద్దపెద్దవాళ్లకే ఉంది. 2000ల దశకంలో ఈ సీమ ఆకాశంలో విమానాలు తిరిగాయి. మేఘమథనం అన్నారు. మథించడానికి ముందు మేఘముండాలన్న చిన్న చిక్కు దగ్గర ఆ కథ చల్లబడింది. 2016 ఆగస్టులో వేరుశనగ ఊడలు దిగే వేళకు బెట్ట పట్టింది. ప్రభుత్వం రెయిన్‌గన్‌లు దించింది. ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు స్వయంగా జిల్లాలో మకాం వేశారు. కరువును జయించామన్న మాట మీటింగుల్లో మోగింది. రెయిన్‌గన్ మంచి పనిముట్టే, గోల్ఫ్ పచ్చికను తడిపే స్ప్రింక్లర్‌కు అన్నలాంటిది. కాకపోతే అది నీళ్లు చిమ్ముతుంది గానీ కనదు. కుంటలో నీళ్లున్న రైతు చేను తడిసింది, లేని రైతు పక్క చేను తడవడం చూశాడు. ఆ ఏడాదే జిల్లా మండలాలు కరువు జాబితాకూ ఎక్కాయి. జయించినవాళ్లు ఓడినవాళ్ల జాబితాలో చేరడం చరిత్రలో అరుదు.

ఇక కంప్యూటర్. పాతది బాగానే నడిచేది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ఆగిపోయింది, ఆ యంత్రం విండోస్ 11కు పనికిరాదన్నారు. అల్లుడికి ఆ సాకు చాలు. కొత్తది కృత్రిమ మేధ ఉన్న రకం. మైక్రోసాఫ్ట్ 2024 మేలో పెట్టిన కొలత ప్రకారం అందులోని ఒక చిప్పు సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చేయాలి. రాష్ట్ర బడ్జెట్ కూడా అంత దూరం వెళ్లదు. పండగ మూడు సాయంత్రాలూ అల్లుడు దాన్ని పరీక్షించాడు: అప్‌డేట్లు దించాడు, ఫైళ్లు మార్చాడు, తెర మీద పచ్చని గోల్ఫ్ మైదానం బొమ్మ పెట్టాడు, వేగం కొలిచే సాఫ్ట్‌వేర్‌తో వేగం కొలిచి ఆ అంకెను స్నేహితులకు పంపాడు. "అనంతపురం" అని టైపు చేస్తే కింద ఎర్ర గీత పడింది. తెలుగు భాష తప్పని తేల్చడానికి దానికి సెకను కూడా పట్టలేదు.

మామ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అల్లుడూ, దీంట్లో మన చేను అడంగల్ చూడు. పేరు తప్పు పడిందంటున్నారు."

అల్లుడు సర్వే నంబరు కొట్టాడు. తెర మధ్యన చిన్న చక్రం తిరగడం మొదలైంది. లోపల చిప్పు 40 లక్షల కోట్ల లెక్కలకు సిద్ధంగా కూర్చునే ఉంది. పని మాత్రం ఎక్కడో దూరాన ఉన్న సర్వర్ చేతిలో ఉంది, అది తీరిగ్గా ఉంది. కాఫీలు వచ్చాయి, తాగేశారు. చక్రం తిరుగుతూనే ఉంది. ఫోన్‌లో ప్రయత్నిద్దామా అని అల్లుడు, సచివాలయానికి పోయి అడుగుతాలే అని మామ.

లేచి పోతూ మామ పంచె మడతలోంచి మట్టి కొట్టుకున్న తెల్ల బంతులు మూడు తీసి ల్యాప్‌టాప్ పక్కన పెట్టాడు.

"ఇవి దొరికినాయి. తక్కినవి జూన్‌లో దుక్కి దున్నేటప్పుడు తేలతాయిలే. వాన పడితే."