కార్డు మాస్టారు

మా తిరువూరులో పాట అంటే రెండు రకాలు. ఒకటి ఘంటసాల పాడింది. రెండోది గుడి దగ్గర కొబ్బరిచిప్పల కోసం జనం పాడేది. రెండోదానికి శ్రుతి అక్కర్లేదు, జేబు బరువుంటే చాలు. చెరువులో చేపలకీ, తోటలో మామిడికాపుకీ, సంతలో ఆశీలుకీ, చవితి లడ్డూకీ అదే పాట. హైదరాబాదు పక్కన బాలాపూర్ లడ్డూ 1994లో 450 రూపాయలకి పోయింది, 2024లో 30 లక్షలు దాటింది. లడ్డూ అదే సైజు. పాడేవాళ్ళ గొంతే పెరిగింది.

ఈ రెండూ కాక మూడోరకం పాట ఒకటుందని మా ఊరికి చెప్పినవారు కార్డు మాస్టారు. ఆయన పాడేది అర్ధరాత్రి, దుప్పటి కింద, ఫోనులో. పక్కన పడుకున్న ఆవిడకి కూడా వినపడదు. పొద్దున బిల్లు చూసినప్పుడు వినపడుతుంది.

మాస్టారు లెక్కల పంతులుగా చేసి రిటైరయ్యారు. పిల్లలు పెద్ద ఊళ్ళల్లో స్థిరపడ్డారు. పెద్దబ్బాయి ఫోను కొనిచ్చాడు, బ్యాంకువాళ్ళు బతిమాలి క్రెడిట్ కార్డు అంటగట్టారు. ఇలాంటి మనిషి మీ ఊళ్ళోనూ ఒకరు ఉండే ఉంటారు. కనపడలేదంటే రాత్రి పాట ఆలస్యమై ఆయన ఇంకా లేవలేదన్నమాట.

ఆయన పిచ్చి ఫౌంటెన్ పెన్నులు. సొరుగులో రాజమండ్రి రత్నం పెన్ను ఉంది, గాంధీగారి స్వదేశీ మాట మీద పుట్టిన కంపెనీది. దాంతోనే ముప్ఫై ఏళ్ళు మా అందరికీ సున్నాలు చుట్టారు. ఇప్పుడు మనసు పార్కర్ 51 మీదికి మళ్ళింది. 1941లో వచ్చిన మోడలు, ఎవరో ఇంగ్లండు తాతగారు వాడి వదిలేసింది. "పాత పెన్నుకి ఇంత ఖర్చా మాస్టారూ?" అన్నానొకసారి. "ఒరేయ్ అబ్బాయ్, ఈబేలో 1995లో మొట్టమొదట అమ్ముడుపోయిన వాటిల్లో ఒకటి పాడైపోయిన లేజర్ పాయింటరు. 14 డాలర్ల 83 సెంట్లు. చెడిపోయినవే సేకరిస్తానని కొన్నవాడే చెప్పాడు. నాది రాసే పెన్నురా!" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

కార్డు విషయంలో ఆయన జాగ్రత్త చూస్తే లాకరు సిగ్గుపడుతుంది. కార్డు ఉండేది పర్సులో కాదు, బియ్యం డబ్బాలో, అక్షింతల సంచిలో. వెనకాల ఉండే మూడంకెల్ని బ్లేడుతో గీకేశారు. కంఠతా వచ్చట. "పందొమ్మిదో ఎక్కంలో ఎక్కడో తగులుతుందిలే" అని నాతో గర్వంగా అన్నారు కూడా. ఆ ఎక్కం నేను మళ్ళీ చదవలేదు. పాపభీతి.

డబ్బు కట్టే ఘట్టం చూసి తీరాలి. కొత్త కార్డులకి ఆన్‌లైన్ వాడకం, విదేశీ వాడకం మూసే ఇవ్వాలని, కావాలంటే మనమే తెరుచుకోవాలని రిజర్వు బ్యాంకు 2020లో నిబంధన పెట్టింది. మాస్టారు రాహుకాలం దాటాక బ్యాంకు యాప్‌లో ఆ విదేశీ మీట నొక్కుతారు. పరిమితి కూడా లెక్కగట్టి పెడతారు: పాట సొమ్ము, పోస్టు ఖర్చు, విదేశీ కరెన్సీకి ఆయన కార్డు పట్టే 3.5 శాతం, దానిమీద 18 శాతం జీఎస్టీ, వెరసి నూటికి 4 రూపాయల 13 పైసలు. చెల్లింపు అయిందా, టక్కున మీట మూత. తిరుపతి బయల్దేరేవాడు తాళం మూడుసార్లు లాగి చూసినట్టు యాప్ మూడుసార్లు తెరిచి చూస్తారు.

"మన సైట్లలో 2009 నుంచి కార్డుకి రెండో తాళం తప్పనిసరి, ఇప్పుడదే ఓటీపీ. బయటిదేశపు సైట్లలో చాలావాటికి అదీ లేదు. నంబరు తెలిస్తే చాలు, గీకేస్తారు. అందుకే ఆ గేటు ఎప్పుడూ మూసుండాలి" అంటారు. టోకెన్ల సంగతి ఇంకా బాగా చెబుతారు. 2022 అక్టోబరు నుంచి మన దేశంలో దుకాణాలు కార్డు నంబరు దాచుకోకూడదు, టోకెనే దాచుకోవాలి. "బెజవాడ దుర్గమ్మ కొండ దగ్గర చెప్పులు విడిచి టోకెను తీసుకుంటాం కదా, అది తిరుపతిలో చెల్లుతుందా? చెల్లదు. ఇదీ అంతే, ఏ కొట్టు టోకెను ఆ కొట్టుకే." బ్యాంకువాళ్ళు ఇంత సులువుగా చెప్పగా నేను వినలేదు.

అసలు క్రెడిట్ కార్డే ఎందుకంటే దానికో సూత్రం ఉంది. "జేబులో డబ్బు పోతే మనం ఏడవాలి. క్రెడిట్ కార్డు మీద పోతే ముందు బ్యాంకువాడు ఏడుస్తాడు. బిల్లు వచ్చేదాకా అది వాడి డబ్బేరా! మన తప్పు, వాడి తప్పు లేకుండా మూడోవాడెవడో కాజేస్తే, కబురందిన మూడు పనిదినాల్లో చెప్పామా, మన మీద పైసా పడదు. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు కాగితం మీద పెట్టింది."

ఈ సూత్రానికి రుజువు కూడా దొరికింది. మొదటిసారి పాడిన పార్కరు వచ్చింది. విప్పి చూస్తే పార్కరు క్యాపు, ఎవరిదో ఒళ్ళు. అమ్మినవాడికి రాస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు. మాస్టారు ఊరుకుంటారా? ప్రకటనలో బొమ్మ ఒకపక్క, వచ్చిన పెన్ను ఒకపక్క పెట్టి ఫొటోలు తీశారు. ఉత్తరాలన్నీ తేదీలవారీగా పేర్చారు. వస్తువు చెప్పినట్టు లేదని బ్యాంకులో వివాదం నమోదు చేశారు. కార్డు కంపెనీల ద్వారా అది అమ్మినవాడి బ్యాంకుదాకా పోయింది. రెండు నెలలు తిరక్కుండా స్టేట్‌మెంట్‌లో సొమ్ము వెనక్కి జమ! ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని బస్టాండు దగ్గర టీకొట్టు నుంచి భద్రాచలం రోడ్డు చివరిదాకా ఊరేగారు. పోస్ట్‌మన్ చేతిలో పెట్టిన కస్టమ్స్ సుంకం మాత్రం తిరిగి రాలేదు. అది ఆయన చెప్పరు.

మన దేశంలో ఒకప్పుడు ఈబేకి పైసాపే అని ఉండేదని, సరుకు చేరేదాకా కొన్నవాడి సొమ్ము మధ్యవర్తి దగ్గర ఉండేదని, 2018 ఆగస్టులో ఆ కొట్టే మూసేశారని అప్పుడప్పుడూ నిట్టూరుస్తారు. "ఇప్పుడు మనకి కార్డే మధ్యవర్తి" అని ముగిస్తారు.

ఇంత తెలిసిన మనిషి.

పోయిన ఏడాది మళ్ళీ ఒక పార్కరు పాటకొచ్చింది. బంగారు క్యాపు. ఊళ్ళో పాట అయితే ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని దండోరా ఉంటుంది. అక్కడ గడియారమే దండోరా. చివరి నాలుగు సెకన్లలో ఎవడో పాడి ఎగరేసుకుపోయాడు. మాస్టారు రెండు పూటలు అన్నం మానేశారు. మూడోరోజు ఈమెయిలొచ్చింది. గెలిచినాయన తప్పుకున్నాడు, రెండో పాట మీదే, కావాలంటే మీకే ఇస్తాం. వేలం సైట్లలో ఇలా రెండోవాడికి అవకాశం ఇచ్చే పద్ధతి నిజంగానే ఉంది, కాబట్టి అనుమానం రాలేదు. కాకపోతే చివర చిన్న అక్షరాల్లో ఒక మనవి: సైటు కమిషన్ కలిసొస్తుంది, ధర తగ్గిస్తాం, మా ఇండియా ఏజెంటుకి నేరుగా ఫోన్‌లో పంపండి.

నేను వెళ్ళేసరికి మాస్టారి మొహం వెలిగిపోతోంది. "చూశావురా పెద్దమనిషితనం! కార్డు నంబరడగలేదు. ఓటీపీ అడగలేదు. మూడంకెలడగలేదు. అసలు కార్డు ఊసే లేదు!"

బియ్యం డబ్బా మూత తియ్యకుండానే 6,400 రూపాయలు పంపేశారు. కార్డు బయటికి రాలేదు గనక ప్రమాదం లేదని ఆయన లెక్క. లెక్కల మాస్టారి లెక్క. నాలుగురోజులకి "కస్టమ్స్ క్లియరెన్సు" అని ఇంకో 1,850 అడిగితే అదీ పంపారు.

అప్పుడు వాళ్ళావిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఫోను చూసింది. ఆవిడ చదివింది ఎనిమిదో క్లాసు.

"ఏవండీ, పెన్ను ఇంగ్లండు దొరదన్నారు. డబ్బు వెళ్ళిందేమో ఏదో ట్రేడర్స్ పేరుకి. దొరగారికి మనదేశంలో కిరాణా కొట్టుందా?"

మాస్టారు ఫోను అందుకున్నారు, కళ్ళజోడు పైకి తోశారు, పేరు చదివారు, మళ్ళీ చదివారు. నా జీవితంలో ఆయన తప్పు లెక్క చేసి దొరికిపోవడం చూసింది ఆ ఒక్కసారే. నేను సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను కలిపాను. చేతులు వణుకుతుంటే లావాదేవీ నంబర్లు ఆయనే చదివారు, పోర్టల్లో ఫిర్యాదు కూడా పెట్టాం. ఆ పొద్దున పంపిన 1,850 అవతలి ఖాతాలో ఇంకా కదల్లేదు, ఆపేశారు. 6,400 అప్పటికే నాలుగు చేతులు మారిపోయింది. బ్యాంకులో కుర్రాడు మర్యాదగానే చెప్పాడు: "మీరే పిన్ను కొట్టి పంపారు కదా మాస్టారూ, దీనికి మూడురోజుల రూలు రాదండీ." కార్డు మీద కట్టుంటే వివాదం వేసే దారి ఉండేదని కూడా చెప్పబోయాడు. మాస్టారు చెయ్యెత్తి ఆపారు. ఆ పాఠం ఆయనదే.

ఇప్పటికీ టీకొట్టు దగ్గర మొదటి పెన్ను కథ చెబుతారు, ప్లాస్టిక్ కవరుతో సహా. రెండోది చెప్పరు. వాళ్ళింట్లో గోడ క్యాలెండరు పక్కన రత్నం పెన్నుతో, పెద్ద అంకెల్లో 1930 అని రాసుంటుంది. ఎవరైనా అడిగితే మా నాన్నగారు పుట్టిన సంవత్సరం అంటారు.

వాళ్ళ నాన్నగారు పుట్టింది 1934లో. వాళ్ళావిడే చెప్పింది.