ఢిల్లీ గ్రామరు

2018లో ఆంధ్రప్రదేశ్‌లోని వెనుకబడిన ఏడు జిల్లాల కోసం రాష్ట్ర ఖాతాలో పడ్డ కేంద్రం సొమ్ము 350 కోట్లు, పడ్డట్టే పడి ఢిల్లీకి తిరుగు రైలెక్కేశాయి. దీన్ని మోసం అన్నవాళ్లంతా టెన్త్‌లో మోడల్ వెర్బ్స్ పాఠం రోజున బడి ఎగ్గొట్టి మామిడితోటల్లో తిరిగినవాళ్లే. ‘మే’కీ ‘షల్’కీ తేడా తెలిస్తే ఇంత గొడవ ఉండేది కాదు.

2014 రాష్ట్ర విభజన చట్టంలో 46వ సెక్షన్ తీయండి. రెండో సబ్‌సెక్షన్‌లో, కేంద్రం గ్రాంట్లు ‘మే’ ఇచ్చును. ఇచ్చినా గ్రామరే, ఇవ్వకున్నా గ్రామరే. మూడో సబ్‌సెక్షన్‌లో ఉత్తరాంధ్రకూ రాయలసీమకూ ప్రోత్సాహకాలు ‘షల్’ ఇచ్చును. సంబరపడకండి, దానికి ‘ప్రత్యేక ప్యాకేజీని పరిశీలించేటప్పుడు’ అని తోక తగిలించారు. పరిశీలిస్తేనే షల్. అదే చట్టంలో మరోచోట రైల్వే జోనుకూ షల్ ఉంది. కాకపోతే ఆర్నెల్లలోగా షల్ చేయాల్సింది పరిశీలన. జోను కాదు. 2018లో ఆ ఆర్నెల్లకి నాలుగో ఏడు. గిరిజన యూనివర్సిటీకి మాత్రం తోక లేని షల్ రాసేశారు. అచ్చుతప్పనుకున్నారో ఏమో, 2018 దాకా తలుపే తెరవలేదు.

ఇంత చక్కని వ్యాకరణం ఢిల్లీ ఒక్కదానికేనా? మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనూ అమలు చేసేద్దాం.

“కరెంటు బిల్లు కట్టీసినారా బావూ?”

“కట్టగలమో లేదో ఆర్నెల్లలోగా పరిశీలిత్తాం.”

పలాస వ్యాపారి ఢిల్లీకి జీడిపప్పు పంపును. దీపావళి ముందురోజు బస్తాలు వెనక్కి తెప్పించుకొనును. బొబ్బిలిలో పెళ్లికొడుకు పీటల మీద కూర్చుని, “తాళి సంగతి పరిశీలించేటప్పుడు తప్పకుండా కడతాను” అనును. పురోహితుడు అంతవరకూ మంత్రాలు ఆపకుండా చదువును. రాజాం రైతు బ్యాంకు అప్పు పొద్దున్న కట్టి, సాయంత్రం తన ఖాతాలోకి లాగేసుకొనును. మేనేజరు నిలదీస్తే 46వ సెక్షన్ చూపించును.

చూపిస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఇంటి గోడకి నోటీసు అంటిస్తారు. అప్పు దగ్గర, పన్ను దగ్గర, ఖర్చుల లెక్కల దగ్గర మనకి ‘మస్ట్’ ఒక్కటే. మనకి రావాల్సిన చోటే మే, షల్, పరిశీలన.

కవిటిలోనో సోంపేటలోనో కిడ్నీలు పాడైన మనిషి డయాలసిస్‌ని ఆర్నెల్లు పరిశీలిస్తే బతకడు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో మూటాముల్లెతో చెన్నై రైలెక్కుతున్నవాళ్లు సరదాకి ఊరు విడవడం లేదు. ఊళ్లో పని లేక పోతున్నారు. రాష్ట్రాన్ని విడగొట్టేటప్పుడు ఏ తోకా, ఏ మే లేకుండా ఒక్క వేటుకి విడగొట్టారు. దాని తాలూకు బాకీ తీర్చాల్సి వచ్చేసరికి వ్యాకరణం గుర్తొచ్చిందా?

వెనక్కి పోయినవి జిల్లాకి 50 కోట్లు. శ్రీకాకుళానికీ విజయనగరానికీ కలిపి 100 కోట్లు. పార్లమెంటు చేసిన చట్టం కింద వచ్చిన డబ్బది, ఎవరూ జేబులోంచి తీసి ఇచ్చింది కాదు. పరిశీలనలు కట్టిపెట్టి, తీసుకున్నది తీసుకున్నట్టు ఖాతాలో వెయ్యాల్సింది.