మంచమెక్కిన వారికే మర్యాద

వత్సవాయి మండలమున డెబ్బది యేండ్లు దాటిన రైతునకు నేడు పట్టిన భాగ్యము అతని తాతముత్తాతలకు కలలోనైనను పట్టలేదు. ఏలయన, అతడు ఎప్పుడు జబ్బు పడునా యని ఒక రాష్ట్రప్రభుత్వము, ఒక కేంద్రప్రభుత్వము, హైదరాబాదులోని కుమారుడు కుదిర్చిన ఒక ప్రైవేటు బీమా కంపెనీ, మూడును ఏకకాలమున ఎదురుచూచుచున్నవి. ఇందరు పోషకులుండగా ఆ పెద్దమనిషి యింకను తెల్లవారుజామున లేచి మిరపచేను చూచివచ్చుచు, తనకేమియు కాలేదని చెప్పుకొని తిరుగుట శుద్ధ కృతఘ్నత.

ముందుగా రాష్ట్రప్రభుత్వమువారి కార్డు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో రాజీవ్ ఆరోగ్యశ్రీగా జన్మించిన యీ పథకము పిమ్మట ఎన్టీఆర్ వైద్యసేవయై, 2019 తరువాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీయై, 2024లో మరల ఎన్టీఆర్ వైద్యసేవయైనది. మన మండలము కూడ 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లాను విడిచి క్రొత్త ఎన్టీఆర్ జిల్లాలో చేరినందున, నేడు మన రోగి ఎన్టీఆర్ జిల్లానుండి ఎన్టీఆర్ వైద్యసేవకు పోవుచున్నాడు. ఇన్ని నామకరణ మహోత్సవముల నడుమ పేరు మార్చుకొననిది అతని మోకాలినొప్పి యొక్కటియే. 2019 నాటి నిబంధనల ప్రకారము ఏడాదికి అయిదు లక్షల లోపు ఆదాయము, పన్నెండెకరముల లోపు మాగాణి గలవాడు అర్హుడు. సొంత కారు ఒకటి యుండవచ్చును గాని రెండవది కొన్నవానికి గుండెనొప్పి వచ్చుటకు హక్కు లేదు. చికిత్స పరిమితి 2023 డిసెంబరులో పాతిక లక్షలకు పెరిగినది. అయితే పాతిక లక్షలను ప్రకటించుట వేరు, ఆసుపత్రులకు బకాయి చెల్లించుట వేరు గనుక, 2025 అక్టోబరులో ఆసుపత్రులవారు బిల్లులు రాలేదని సేవలు నిలిపిరి. ఆ దినములలో కార్డు చేతబట్టుకొని వచ్చిన వృద్ధుడు వైద్యమిత్ర బల్ల యెదుట నిలిచి, తన జబ్బును గాక ప్రభుత్వ ఖజానా జబ్బును గూర్చి వినవలసి వచ్చెను. అంతకు ముందు నెలలోనే మంత్రివర్గము, రెండున్నర లక్షల వరకు భారమును బీమా కంపెనీలకు అప్పగించి, ఆపైది పథకమును నడపు ప్రభుత్వ ట్రస్టు చూచుకొనునట్లు ఆమోదించినది. తొలినాళ్లలోను ఈ పథకము బీమా కంపెనీ ద్వారానే నడచి, పిదప ట్రస్టు చేతికి వచ్చినదే. కావున ప్రభుత్వ బీమా మేలా, ప్రైవేటు బీమా మేలా యని రచ్చబండమీద తగవులాడుకొను పెద్దలు ముందుగా ఏది యేదో తేల్చుకొనవలెను.

కేంద్రమువారి ఆయుష్మాన్ వయవందన కార్డు అర్హత విషయమున ఇంతకంటె ఉదారమైనది. 2024 అక్టోబరు 29న మొదలైన యీ యేర్పాటున డెబ్బది నిండిన వానికి ఆదాయముతో నిమిత్తము లేదు, ఎకరములతో నిమిత్తము లేదు, పాతజబ్బులకు గడువు లేదు; ఏడాదికి అయిదు లక్షల వరకు చికిత్స. వలసినదెల్ల వయస్సే, అదియు మనుష్యునిది కాదు, ఆధార్‌ది. మన పల్లెలలో ఆధార్ వయస్సు నిర్ణయమైన తీరు ఎరుగనివారెవ్వరు? "దివిసీమ ఉప్పెన నాటికి నీకు పెళ్లయిందా తాతా?" అని యడిగి, జనవరి ఒకటవ తేదీ యని కొట్టి పంపిన కుర్రవాని దయవలన డెబ్బదిమూడేండ్లవాడు అరువదెనిమిదేండ్ల పడుచువాడై కూర్చున్నాడు. వయస్సు కుదిరినను వేలిముద్ర కుదురవలెను గదా! ఏబది యేండ్లు పత్తి తీసి, మిరపకాయ కోసి అరిగిపోయిన బొటనవ్రేలిని గ్రామ సచివాలయపు యంత్రము మనుష్యునిదిగా ఒప్పుకొనదు. తడిగుడ్డతో తుడిపించి, "ఇంకోసారి గట్టిగా నొక్కు తాతా" అని అచ్చటి ఉద్యోగిని అయిదు వ్రేళ్లును వరుసగా పరీక్షించుచుండగా, వెనుక వరుసలోనివారు తమ చేతులను చొక్కాలకు రుద్దుకొనుచుందురు.

ప్రైవేటు కంపెనీవారి మర్యాద వేరు. అరువదియైదు దాటినవానికి పాలసీ అమ్ముట తమ యిష్టమను పాత గీతను బీమా నియంత్రణ సంస్థ 2024 ఏప్రిల్‌లో చెరిపివేసినందున, ఏజెంటు ఇప్పుడు డెబ్బదిరెండేండ్ల వాని గుమ్మమును సైతము తొక్కుచున్నాడు.

"షుగరుందా బాబాయ్‌గారూ?"

"ఉందయ్యా, పదిహేనేళ్ల నుంచీ."

"అయితే దానికి మూడేళ్లు ఆగాలండి."

"ఎవరు, నేనా, షుగరా?"

ఈ ప్రశ్నకు సమాధానము ఏజెంట్ల శిక్షణలో చెప్పినట్లు లేదు. పూర్వము నాలుగేండ్ల వరకు ఉండిన గడువే మూడేండ్లకు తగ్గినదని అతడు ఓదార్చెను. వృద్ధుల ప్రీమియమును ఏడాదికి పది శాతమునకు మించి పెంచవలెనన్నచో ముందుగా తమతో సంప్రదింపవలెనని 2025 జనవరిలో నియంత్రణ సంస్థ ఆదేశించినది. 2025 సెప్టెంబరు 22 నుండి పదునెనిమిది శాతము జీఎస్టీయు తొలగినది. ఇన్ని తగ్గింపుల తరువాతను ఆ ప్రీమియము అంకె చూచినవానికి బీపీ పెరుగుట మాత్రము పాలసీ పరిధిలోనికి రాదు. ఇక గది అద్దె సంగతి: రోజుకు నాలుగువేల గదికి అర్హుడైనవాడు, విజయవాడ ఆసుపత్రిలో ఖాళీ లేక, ఎనిమిదివేల గదిలో చేరినచో, కొన్ని పాలసీలలో కంపెనీవారు గది అద్దెలో సగము కోయుటతో తృప్తిపడక, డాక్టరు ఫీజును, ఆపరేషను ఖర్చును కూడ అదే పాళ్లలో కోసి, తగ్గినది యెంతయో డిశ్చార్జి వేళ వినయపూర్వకముగా విన్నవింతురు.

ఇన్ని భేదములున్నను ఒక్క విషయమున మువ్వురిదియు ఏకాభిప్రాయమే: మనుష్యుడు ఆసుపత్రిలో చేరవలెను. బీపీ మాత్ర, షుగరు మాత్ర, కంటిచుక్కలు, రక్తపరీక్ష, జగ్గయ్యపేటకు ఆటో చార్జీ, డాక్టరు ఫీజు, వీనితోడనే వృద్ధాప్యము గడచుచున్నది. వేరుగా సొమ్ము కట్టి కొన్న కొన్ని పాలసీలలో తప్ప వీనిలో దేనికిని సాధారణముగా ఎవరి కార్డును చెల్లదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున బీపీ, షుగరు మాత్రలు ఉచితముగా ఇచ్చుచున్నారు. స్టాకు లేనినాడు మందులషాపే గతి. లేచి తిరుగు వృద్ధుడు తన ఖర్చు తానే పెట్టుకొనవలెను, పడిపోయినవానికే ముగ్గురు పోషకులు.

ఇంతకును ఏది మేలని యడుగు కుమారులకు నా మాట. ముందు నాన్నగారిని వెంటబెట్టుకొని సచివాలయమునకు పోయి ఆధార్ వయస్సు సరిచేయించి, దక్కవలసిన ప్రభుత్వ కార్డు తీసికొనుడు, ప్రీమియము లేదు గనుక. ప్రైవేటు పాలసీని ఆయన డెబ్బదిరెండవ యేట గాక ఏబదియైదవ యేటనే కొనియుండవలసినది. ఇప్పుడైనను కొనుచున్నచో ఫారములో ఆయన షుగరును దాచకుడు, అయిదేండ్లు నిండువరకు కంపెనీవారు ఆ సంగతిని తవ్వి తీసి క్లెయిము త్రోసిపుచ్చగలరు. ఏది కొన్నను, బీపీ మాత్రల డబ్బు మాత్రము నెలనెలా వేరుగా పంపుడు.