సుభాష్‌పల్లి ప్రేక్షకవాక్యములకు టీకాతాత్పర్యములు

అవతారిక

సోనీ చానెలునందు 1998 జనవరి 21న మొదలై, 2018 అక్టోబరు 27 వరకు 1547 భాగములు నడచి, ఆరేండ్లు విశ్రమించి, 2024 డిసెంబరులో మరల లేచిన ‘సి.ఐ.డి.’ యను నేరపరిశోధక ధారావాహికలో, 2025 ఏప్రిలు మొదటి వారాంతమున, కథకు మూలస్తంభమైన ఏసీపీ ప్రద్యుమ్నుడు బాంబు పేలుడులో హతుడయ్యెనని చూపుటయు, చానెలువారు ‘1998–2025’ అని ఆయుఃపరిమాణము ముద్రించి మరీ సంతాపప్రకటన వెలువరించుటయు, ఖరగ్‌పూరు సుభాష్‌పల్లిలోని తెలుగు లోగిళ్ళలో కొన్ని వాక్యములకు జన్మనిచ్చినవి. వానికి వ్యాఖ్య వ్రాయ బూనితిని. మూలమున లేనిది వ్రాయను, అక్కరలేనిది పలుకను అని ప్రతిన పట్టిన కోలాచల మల్లినాథసూరి మన మెదకు సీమవాడే; ఆ ప్రతినలో మొదటి సగమును పాటింతును గాని రెండవ సగమునకు హామీ యీయజాలను.

వాక్యకర్తలెవరనగా, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలమున శ్రీకాకుళ విశాఖ సీమలనుండి రైలు కొలువులకు వచ్చి నిలిచిపోయినవారి మనుమలును మనుమరాండ్రును. ఇంట కళింగపు తెలుగు, బజారున హిందీ, ప్రహరీ కావల వంగభాష. 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారము చూపి ప్రపంచములో కెల్ల పొడవైనది మాదేయని చిరకాలము చెప్పుకొనిన ఊరివారగుటచే, ఇరువది యేండ్ల ధారావాహిక నిడివి వారికెన్నడును భారము కాలేదు.

మూలము: “ఏసీపీనే సంపీసినారు గదా, ఇంకేటి సూత్తాం?”

టీక: ఏసీపీనే = ఏసీపీని మాత్రమే; అవధారణార్థకమైన ఏకారముచే, తక్కిన ఇన్‌స్పెక్టర్లలో నెవనిని చంపినను ఏదో విధమున సర్దుకొందుమని సూచితము. సంపీసినారు = చంపివేసిరి. ఇచట కర్త లోపించినది. తెరమీద చంపినవాడు బార్బోసా యను ప్రతినాయకుడు గదా, ‘సంపీసినాడు’ అని యుండవలదా యని శంకింపవచ్చును. బహువచనమును చూడుడు, రచయితలు, నిర్మాతలు, చానెలువారు అని అధ్యాహారము చేసికొనవలెను. హంతకుని తెరమీద వెదకక తెరవెనుక పట్టిన ఈ వక్త, నా దృష్టిలో, ఆ ధారావాహికలోని పరిశోధకులందరికంటె ఒక మెట్టు పైవాడు. ఇంకేటి సూత్తాం = ఇంక ఏమి చూతుము; కాకువుచే ‘ఇక చూడము’ అని వ్యంగ్యార్థము చెప్పుట న్యాయమే గాని, మరుసటి శనివారము రాత్రి పదిగంటలకు ఆ వక్తయే కుర్చీ టీవీకి మరింత దగ్గరగా లాగికొని కూర్చుండుట నేను కిటికీలోనుండి చూచితిని గనుక, వాచ్యార్థమునే గ్రహించి, ‘ఇకమీద ఏమి చూపుదురో చూతము’ అని చెప్పుట యుక్తము.

విశేషము: ప్రఖ్యాతుడైన నాయకుని వధ రంగమున చూపరాదని భరతుడు నాట్యశాస్త్రమున నిషేధించెను, ధనంజయుడు దశరూపకమున దానినే బిగించి చెప్పెను. ఈ వక్త భరతుని చదివినవాడు కాడు, వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైనవాడు. అయినను శాస్త్రకారుడు రెండువేల యేండ్లనాడు కట్టిన కట్టు తెగినచోట, వదులైన బోల్టును చెవితోనే కనిపెట్టినట్లు, ఠక్కున కనిపెట్టెను. భాసుని ఊరుభంగమున దుర్యోధనుడు సభ్యుల యెదుటనే ప్రాణములు విడువలేదా యని పూర్వపక్షి యడుగును. విడిచెను. కాని దుర్యోధనుడు వారము వారము అన్నముల వేళకు మన యింటికి వచ్చినవాడు కాడు. ఒక్కరాత్రి పరిచయమైనవాడు మరణించిన కరుణరసము పుట్టును. ఇరువది యేండ్లు ఇంటికి వచ్చిపోయినవాడు మరణించిన మైల పట్టును. రసమునకును మైలకును భేదమెరుగక కథ నడపినవారిది దోషము గాని, కోపించినవారిది కాదు.

ఇట్టి కోపము సుభాష్‌పల్లికే పరిమితమును కాదు. 1893 డిసెంబరున కోనన్ డాయిల్ స్ట్రాండు పత్రికలో షెర్లాక్ హోమ్సును జలపాతమున పడద్రోయగా ఇరువదివేలమంది చందాలు మానిరని ప్రసిద్ధి. 1901లో ‘ఇది చావుకు ముందటి కథ’ యని వేటకుక్క నవలతో బుజ్జగించి, కడకు 1903లో ఆ దొర మనిషిని బ్రతికింపక తప్పినది కాదు. వంగదేశమున శరదిందు బంద్యోపాధ్యాయుడు మాత్రము తెలివిగలవాడు; బ్యోమ్‌కేశ్ బక్షీని చంపలేదు, 1930లలో కొన్ని కథలు వ్రాసి, బొంబాయి సినిమాలకు పోయి, పదేండ్లకు పైగా పలుకరింపక యూరకుండి, 1950లలో మరల చేపట్టెను. విరహము పెట్టెను గాని వైధవ్యము పెట్టలేదు. మన కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధరుని చావు వార్త విని కంటతడి పెట్టవలసిన గతి తెలుగు పాఠకునకు పట్టలేదని తలచి, ఈ ప్రకరణము ముగింతును.

మూలము: “సచ్చిపోనేదొదినా, లీవెట్టినాడు.”

టీక: సచ్చిపోనేదు = మరణింపలేదు. ఒదినా = ప్రహరీ కావలి బట్టలారవేయుచున్న వదినగారిని గూర్చిన సంబోధనము. లీవెట్టినాడు = సెలవునకు అర్జీ పెట్టినాడు. ఏ సెలవని విచారింపవలెను. సి.ఎల్. అనుటకు వీలులేదు, ఇన్ని వారములకు చాలదు. సిక్కు అనుటకును వీలులేదు, రైల్వే ఆస్పత్రి డాక్టరు ఫిట్ సర్టిఫికేటు ఈయనిదే మరల డ్యూటీలో చేర్చుకొనరు, ఆ చిక్కు తెలిసినవాడెవడును దీర్ఘకాలమునకు సిక్కు చేయడు. కావున పరిశేషన్యాయముచే ఎల్.ఏ.పి., అనగా సగటు జీతపు సెలవే.

విశేషము: ఈ యిల్లాలు పలికినది పరిహాసము కాదు. ఆ పాత్రధారి శివాజీ సాటమ్, ఒకప్పుడు సెంట్రల్ బ్యాంకులో క్యాషియరుగా పనిచేసినవాడు, తాను కొంతకాలము విరామము తీసికొంటినని పత్రికలవారితో చెప్పియే యుండెను. ఆ వార్త ఈమె చదువలేదు. తండ్రివి, మామగారివి, భర్తవి రెండు తరముల లీవు అర్జీలను కన్నులార చూచిన అనుభవముచే, పురుషుడొకడు హఠాత్తుగా కనబడకపోయిన మొదట యముని గాక సెక్షను ఆఫీసు గుమాస్తాను అనుమానింపవలెనని గ్రహించినది.

“పాసు తీసి ఊరెల్పోనాడు” అని పక్కవాకిట పాఠాంతరము కలదు. ఏసీపీ రైల్వే ఉద్యోగి కాడు, పాసు రాదు; కావున అది ప్రక్షిప్తము.

మూలము: “తెలిసిన మొగం ఒకటి కనబడిందంటే ఆడే.”

టీక: ఆడే = వాడే హంతకుడు. ఒక్క భాగమునకు వచ్చిన అపరిచితులలో ఎచ్చటనో చూచిన నటుడొకడున్నచో నేరమతనిదే; ఊరక నిలుచుటకు అంత డబ్బు ఎవరిత్తురు? పొగను చూచి నిప్పు నూహించిన నైయాయికునికిని ఇంతకంటె దృఢమైన వ్యాప్తి దొరకలేదు.

మూలము: “కుర్రోడు బాగున్నాడు గానీ సెయ్యి తిప్పడం రాదు.”

టీక: కుర్రోడు = ఏసీపీ ఆయుష్మానుడను క్రొత్త పాత్రను ధరించిన పార్థ్ సమ్థాన్. బాగున్నాడు = అందగాడు; ఇది ప్రశంస కాదు, తరువాతి ‘గానీ’కి వేసిన పీట. సెయ్యి తిప్పడం = కుడిచేతి వ్రేళ్ళు విచ్చి, మణికట్టును అర్ధవలయముగ ఆడించుచు, కన్నులు చికిలించి, ఏదో గడబిడ యున్నదని ఇన్‌స్పెక్టరు దయాకు చెప్పునప్పటి ప్రద్యుమ్నుని హస్తవిన్యాసము. అభినయదర్పణములోని 28 అసంయుతహస్తములలో దీనికి సరియైన పేరు లేదు. అలపద్మమునకును ఇత్తడి బల్బు బిగించుటకును నడిమిది.

దీని లక్ష్యము చూడగోరువారు సాయంకాలము క్వార్టర్లవైపు పోవలెను. బనీనుతో నున్న ఎనిమిదేండ్ల పిల్లవాడొకడు చేయి త్రిప్పి తలుపు పగులగొట్టుమని గంభీరముగ ఆజ్ఞాపించును, వాని తమ్ముడు నాలుగడుగులు వెనుకకు వేసి, పరుగున వచ్చి, స్నానాలగది తలుపును భుజముతో గ్రుద్దును, లోపలినుండి నాయనమ్మ “ఉండ్రా సచ్చినోడా, గెడ ఊడిపోద్ది!” అని కేకవేయును. దయా పాత్రధారి దయానంద శెట్టి పూర్వాశ్రమమున డిస్కస్ విసరినవాడు గనుక ఆ భుజమునకు తలుపులు లొంగినవి. పిల్లవానికి గెడ మాత్రమే లొంగినది. “మా బ్యోమ్‌కేశ్ ఒక్క తలుపైనను పగులగొట్టలేదు” అని పొరుగింటి బెంగాలీ దాదా నిట్టూర్చుట కలదు; పగులగొట్టవలసిన తలుపుల యిండ్లకు ఆయన పోలేదని మనవారి ప్రత్యుత్తరము. ఈ వివాదము నాలుగేండ్లుగ నడచుచున్నది, నేను తల దూర్చను.

ఫలశ్రుతి

ఆ యేడే ప్రద్యుమ్నుడు తిరిగి వచ్చెను. లీవు వాదిని యైన ఇల్లాలు రెండు దినములు ప్రహరీ దగ్గర తల ఎత్తి నడచినది. చాయ్ దుకాణమున మాత్రము క్రొత్త శంక పుట్టినది: నడుమ చచ్చిన దినములు సర్వీసు బ్రేకు క్రింద లెక్కకు వచ్చునా, రాదా? ఫిట్టరుగారు వచ్చుననిరి. పర్సనెల్ బ్రాంచిలో హెడ్‌క్లర్కుగా రిటైరైన పెదనాన్నగారు గాజు గ్లాసు బల్లమీద పెట్టి, “రాదురా అబ్బాయ్. సచ్చిన రోజులన్నీ లీవులో జమ కట్టీడమే. ఇంక్రిమెంటు మాత్రం వెనక్కెల్తాది” అని తీర్పు చెప్పిరి.